హంటర్ చేతులు, మిగ్ రెక్కలు

పోర్ట్‌బ్లెయిర్ లంబాలైన్‌లో మా డాబా ఎక్కితే ఎయిర్‌పోర్టు రన్‌వే కనిపిస్తుంది. రిటైరై వచ్చిన కొత్తలో ఏ విమానం దిగుతున్నా నా పాదాలు వాటంతటవే కదిలేవి, విమానం రడ్డర్ పెడళ్ళు తొక్కుతున్నట్టు. ఇప్పుడు మానేశాయి. దిగేవాడు దిగుతుంటాడు, నేను టీ తాగుతుంటాను. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ముసలితనం కోసం ఇంకా ముందే తొందరపడేవాణ్ణి.

ఇది రాయడానికి కారణం మిడిల్ పాయింట్‌లో ఉండే మా మేనకోడలి కూతురు మౌనిక. ఫైటర్ విమానాల ట్రైనింగుకి ఎంపికైంది. వెళ్ళేముందు దండం పెట్టడానికి వచ్చింది. వంగిన మనిషి పూర్తిగా లేవకముందే మొదలుపెట్టింది.

"తాతా, సచ్ బతావ్ నా. డాగ్‌ఫైట్‌లో సబ్‌సే అచ్ఛా ప్లేన్ ఏది? ఫోన్‌లో ఒక్కో వీడియోవాడు ఒక్కోటి చెప్తున్నాడు."

"ఒక్కోదానికి ఒక్కో బుద్ధమ్మా. దాని బుద్ధి తెలిసినవాడికి అది మంచిది."

"అరే, ఇది జవాబా? ఠీక్‌సే చెప్పు."

ఠీక్‌గా చెప్పాలంటే తీరిక కావాలి, ఆ పిల్లకు లేదు. అందుకని రాస్తున్నాను. మా దీవుల పిల్లలందరిలాగే తెలుగు గడగడా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటుంది. వాళ్ళమ్మ ఫోన్‌లో చదివి వినిపిస్తానంది. పదవులు, పతకాలు, ఫైళ్ళు ఇందులో ఉండవు. ఏ విమానం నా చేతుల్లో ఎలా నడిచిందో, ఒకసారి ఆ ఉద్యోగం నా చేతుల్లోంచి ఎలా జారిపోబోయిందో, అదే రాస్తాను.

తోక వెనక తోక

డాగ్‌ఫైట్ అంటే రెండు విమానాలు ఒకదాని తోక వెనక్కి ఒకటి చేరాలని ఆకాశంలో గిరగిరా తిరగడం. ప్రాక్టీసులో తూటాలుండవు, కెమెరా ఉంటుంది. ఎవడు ఎవణ్ణి ముందు పట్టాడో కిందికి దిగాక ఫిల్ములో చూసుకుంటాం. చూసుకునేలోపు రెండు అరచేతులూ విమానాల్లా గాల్లో తిప్పుకుంటూ వాదించుకుంటాం. ఫైటర్ పైలట్‌ని గుర్తుపట్టడం చాలా తేలిక. చేతులు కట్టేస్తే మాట్లాడలేడు.

సినిమాల్లో చూపించనిది ఒంటి కష్టం. గట్టిగా మలుపు తిప్పితే నెత్తురు తల వదిలి కాళ్ళలోకి దిగుతుంది. చూపు అంచుల నుంచి మసకబారుతుంది. హెల్మెట్ పెట్టుకున్న తల బియ్యం బస్తా అవుతుంది. ఆ తలని వెనక్కి తిప్పి శత్రువు ఎక్కడున్నాడో చూడాలి. నా ఈడు వాళ్ళెవరికీ మెడ సరిగ్గా ఉండదు. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తాం.

పైలట్ దగ్గర ఉండేవి ఎత్తు, వేగం. ఒకటి ఇచ్చి ఇంకోటి తెచ్చుకోవచ్చు. మలుపు తిప్పినప్పుడల్లా రెండూ కరిగిపోతుంటాయి. ఒక్కో విమానంలో ఒక్కో రకంగా కరుగుతాయి. విమానాల మధ్య తేడా అంతా నా లెక్కన ఇక్కడే ఉంది.

హంటర్

నా మొదటి యుద్ధ విమానం హంటర్. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఇష్టమైన మనిషిని తల్చుకున్నట్టు. కాక్‌పిట్ విశాలం, చుట్టూ చూపు ఆనుతుంది. చేతిలోని స్టిక్ ఎంత కదిపితే విమానం అంతే కదులుతుంది, ఎక్కువా తక్కువా ఉండదు. అన్నిటికన్నా గొప్ప గుణం, హద్దు దాటబోయే ముందు హెచ్చరిస్తుంది. మరీ గట్టిగా లాగితే ఒళ్ళంతా సన్నగా వణుకుతుంది. కాస్త వదిలితే వణుకు ఆగిపోతుంది. ఆ వణుకు అంచునే పట్టుకుని ఎంతసేపైనా తిరగొచ్చు.

హంటర్ వాళ్ళకొక కిటుకు ఉండేది. పోట్లాట నెమ్మదించి మలుపులు బిగుసుకున్నప్పుడు ఎడం చెయ్యి ఫ్లాప్స్ లీవరు మీదికి వెళ్ళేది. రెక్కల వెనక పలకలు కొంచెం దించితే మలుపు ఇంకాస్త చిన్నదవుతుంది. ఇది మాకు ఎంత అలవాటంటే ఆలోచించి చేసేది కాదు, చెయ్యే చేసుకుపోయేది.

ఆ స్క్వాడ్రన్‌లో, అంటే మా విమానాల దళంలో, పెద్దాయన ఒకడుండేవాడు. పేరెందుకు. "అసలైన పైలట్ విమానాన్ని వదలడు" అని మీసం తిప్పేవాడు. మేం కుర్రాళ్ళం, చప్పట్లు కొట్టేవాళ్ళం. ఉద్యోగంలో నేను విన్న అన్ని మాటల్లోకీ చెడ్డ మాట అదే.

నాట్

నాట్ బుల్లి విమానం. దాన్ని ఎక్కడం కాదు, తొడుక్కోవడం. భుజాలు రెండు పక్కలా తగిలేవి. నేను నడిపింది కొద్దికాలమే గానీ దానితో పోట్లాడింది చాలా. చీమలా ఉండేది, కనపడేది కాదు. ఎదురుగా వస్తుంటే చుక్క, పక్కకు తిరిగితే గీత, ఈలోగా మన వెనక ఉంటుంది. స్టిక్ మహా చురుకు. కొత్తవాడు వేలితో కదిపితే విమానం బోర్లా పడుకునేది. గాల్లో వేగం తగ్గించుకోవాలంటే చక్రాలనే సగం దించేవాళ్ళం, దానికి వేరే బ్రేకు లేదు. దాన్ని నడిపేవాళ్ళు కొంచెం తలబిరుసుగా ఉండేవాళ్ళు. మనిషి విమానాన్ని బట్టి మారతాడని నా నమ్మకం.

మిగ్-21

తర్వాత నన్ను పంజాబులోని మిగ్-21 స్క్వాడ్రన్‌కి పంపారు. మా అమ్మ అప్పటికే నామీద కోపంగా ఉంది. మా వాళ్ళు స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డ చేపలవాళ్ళు. అమ్మ చూసిన విమానం ఒక్కటే, కలకత్తా నుంచి వచ్చే పెద్దది. సెలవుకి వెళ్ళినప్పుడల్లా అదే గొడవ.

"అదే నడపరాదేటి నాయనా? మనూరొస్తాది గదా. నువ్వు నడిపీది ఇక్కడికి రాదు, ఎక్కడికీ పోదు, అక్కడక్కడే తిరుగుతాదంట."

ఆ మాటలో తప్పేం లేదు. మేం బయల్దేరిన చోటే తిరిగి దిగేవాళ్ళం.

మిగ్ హంటర్‌కి పూర్తిగా వేరు. సన్నటి గొట్టం, చిన్న ముక్కోణపు రెక్కలు. ముందు చూపు అంతంతమాత్రం, వెనక చూపు లేనట్టే. కానీ ఇంజన్ వెనక మంట రగిలించే ఆఫ్టర్‌బర్నర్ వేస్తే వీపు మీద ఎవరో తన్నినట్టు ముందుకు దూకుతుంది. నిట్టనిలువుగా ఎక్కుతుంటే ఎత్తు చూపించే ముల్లు గడియారం పాడైనట్టు తిరుగుతుంది.

దాని మెలిక మలుపులో ఉంది. స్టిక్ లాగితే ముక్కు చటుక్కున తిరుగుతుంది, వేగం కూడా అంతే చటుక్కున పోతుంది. వణుకు హంటర్‌లోలా హద్దు దగ్గర రాదు. చాలా ముందే మొదలై అలాగే ఉంటుంది. ఎప్పుడూ గొణిగే మనిషి నిజంగా ఎప్పుడు కోప్పడతాడో ఎలా తెలుస్తుంది? మిగ్‌తో గెలవాలంటే తిరగకూడదు. పైనుంచి వేగంగా రావాలి, ఒక్క దెబ్బ వెయ్యాలి, తగిలినా తగలకపోయినా పైకి పోవాలి. హంటర్ నుంచి వచ్చిన మాకు ఇది తలకెక్కింది గానీ చేతులకెక్కలేదు. అవతలివాడు మలుపు తిరిగితే మా చేతులు వాడి వెంట తిరిగేవి. ఎడం చెయ్యి లేని చోట ఫ్లాప్స్ లీవరు వెతికేది. "హంటర్ చేతులు" అని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళు.

తర్వాతి కాలంలో మిగ్-29 నడిపాను. రెండు ఇంజన్ల బలం, ఎంత తిరిగినా వేగం పోదు, ఎముకలకే అలసట. నల్లటి పొగ మాత్రం అవతలివాడికి చిరునామా చెప్పేది. మిరాజ్ రెండు సీట్లదానిలో ఒకసారి కూర్చున్నాను. అందులో మనం అడుగుతాం, కంప్యూటరు ఎంతవరకు ఇవ్వాలో అంతే ఇస్తుంది. దిగి, ఈ తరంవాళ్ళు అదృష్టవంతులని నిట్టూర్చాను. మౌనిక నడపబోయేవి ఆ రకానివే, నాకదొక పెద్ద ఊరట.

కురియన్ సార్ ప్రశ్న

మిగ్ స్క్వాడ్రన్ కమాండరు కురియన్ సార్ కేరళ మనిషి. ఆయనొక పద్ధతి పెట్టాడు. పొద్దున బ్రీఫింగ్ అంతా అయ్యాక, విమానం దగ్గరికి వెళ్ళేముందు ప్రతి పైలట్‌నీ కళ్ళలోకి చూసి అడిగేవాడు.

"బోలో, కిత్నా?"

ఎంత ఎత్తులో విమానాన్ని వదిలేస్తావు అని ఆ ప్రశ్న. విమానం అదుపు తప్పి గింగిరాలు తిరుగుతూ పడుతుంటే ఏ ఎత్తుకు వచ్చేసరికి సీటు హ్యాండిల్ లాగి, సీటుతో సహా బయటికి ఎగిరి బయటపడతావో, పైకి వినపడేలా చెప్పాలి. మిగ్‌లో ఎత్తు మీటర్లలో చూపిస్తుంది. "చార్, సర్" అనేవాళ్ళం. నాలుగు కిలోమీటర్లని అర్థం. అందరికీ తెలిసిన జవాబే. అయినా రోజూ అడిగేవాడు, గొణిగితే మళ్ళీ అడిగేవాడు. బడిపిల్లల ఎక్కంలా ఉందని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సార్, తెలిసిందే కదా, రోజూ ఎందుకు?"

"రాజూ, నేను రెండిళ్ళ తలుపులు కొట్టి చావు వార్త చెప్పి వచ్చాను. ఇద్దరూ మంచి పైలట్లే. ఇద్దరి సీట్లూ బాగానే ఉన్నాయి, హ్యాండిల్ లాగడమే ఆలస్యమైంది. గాల్లో బుర్ర బేరమాడుతుంది. బేరం నేల మీదే అయిపోవాలి. జావ్."

అంతే చెప్పాడు. నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను.

దత్తాతో పోట్లాట

దత్తా నా పాత హంటర్ స్నేహితుడు. వాళ్ళ స్క్వాడ్రన్ మా దగ్గరికి ప్రాక్టీసుకి వచ్చింది. వాడు హంటర్‌లో, నేను మిగ్‌లో. వెళ్ళేముందు "ఇవాళ నీ తోక కోసుకెళ్ళి మా మెస్సులో వేలాడదీస్తాను" అన్నాడు.

పైనుంచి వేగంగా వాడి మీదికి దిగాను. అంతవరకు పాఠం ప్రకారమే. వాడు గట్టిగా మలుపు తిరిగాడు. అప్పుడు నేను వదిలేసి పైకి పోవాలి. వాడి రెక్కలు నా కళ్ళెదుట నిండుగా కనిపిస్తున్నాయి, ఇంకాస్త లాగితే కెమెరాలో పడతాడు. లాగాను. వాడు ఇటు, నేను అటు, మళ్ళీ నేను ఇటు, వాడు అటు. కత్తెర ఆడినట్టు ఒకరినొకరు దాటుకుంటూ, ఎవడు నెమ్మదిగా పోతే వాడు వెనక మిగులుతాడన్న పోటీ. అది హంటర్ పుట్టిల్లు. వేగం పోయింది. మిగ్ వణుకుతోంది, కానీ అది ఎప్పుడూ వణికేదే. ఎడం చెయ్యి లీవరు కోసం కాక్‌పిట్ గోడ తడిమింది.

ఒక రెక్క ఒక్కసారిగా కిందికి పోయింది. ఆకాశం, నేల చోటు మార్చుకున్నాయి. వెనక ఇంజన్ ధన్‌ధన్‌మని కొట్టుకుని చల్లబడింది. విమానం గింగిరాలు తిరగడం మొదలుపెట్టింది.

చెయ్యాల్సింది చేశాను. స్టిక్ మధ్యలో పెట్టు, రడ్డర్ మధ్యలో పెట్టు, ఆగు. ఆగడమే కష్టం. పైనుంచి దత్తా రేడియోలో అరుస్తున్నాడు, "రాజూ, రికవర్! రికవర్!" పంజాబు పొలాలు పళ్ళెంలా తిరుగుతున్నాయి.

ఎత్తు ముల్లు నాలుగు మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ముక్కు కొంచెం కిందికి వంగినట్టు అనిపించింది. గింగిరం ఆగబోయే గుర్తు అదే. ఇంకొక్క చుట్టు చూద్దాం, ఆగిపోతుంది, విమానం ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, దత్తా ముందు పరువు దక్కుతుంది అని బుర్ర చెప్పింది. కురియన్ సార్ చెప్పిన బేరం ఇదేనని అప్పుడు తోచలేదు. కానీ నా నోరు మాస్కులోపల "చార్" అంది. రోజూ అన్న మాటే. మాటతోపాటే చెయ్యి హ్యాండిల్ లాగేసింది.

తర్వాత పెద్ద చప్పుడు, నడుములో నొప్పి, ఆపైన ఎక్కడా చప్పుడు లేదు. తల పైకెత్తితే పారాచూట్ గొడుగులా విచ్చుకుని ఉంది. హమ్మయ్య అని గట్టిగా, తెలుగులో అరిచాను. విమానం కోత అయిపోయిన గోధుమ చేలో పడి కాలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదని వచ్చినవాళ్ళందరినీ అడిగి తెలుసుకున్నాను. తర్వాత విచారణలో, చూసినవాళ్ళందరినీ అడిగితే, ఆ గింగిరం చివరిదాకా ఆగలేదని తేలింది.

హెలికాప్టర్‌లో తెచ్చి స్ట్రెచర్ దించారు. కురియన్ సార్ ఎదురొచ్చాడు. విమానం సంగతి అడగలేదు, ఎవరిది తప్పని అడగలేదు.

"కిత్నా?"

"చార్, సర్."

ఆయన టోపీ తీసి స్ట్రెచర్ పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు. చాలాసేపు లేవలేదు. ఆ రోజు ఆయన ఎవరింటి తలుపూ కొట్టక్కర్లేకపోయింది.

నాన్న

నడుము పూసలు నొక్కుకుపోయాయి. ఆసుపత్రిలో బోర్డు మీద పడుకోబెట్టారు. ఎముక అతికాక మళ్ళీ ఎగరొచ్చని డాక్టరు అన్నాడు. ఇంటికి టెలిగ్రాం వెళ్ళింది.

కొన్నాళ్ళకు నాన్న వచ్చాడు. జహాజులో సముద్రం దాటి కలకత్తా దాకా, అక్కడినుంచి రైల్లో, ఒంటరిగా. లుంగీ మీద పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకున్నాడు. వార్డులో అందరూ చూస్తున్నారు. ఆయన మంచం పక్కన నిలబడి నా కాళ్ళు, చేతులు తడిమి చూశాడు, అన్నీ ఉన్నాయో లేవోనని.

"మీయమ్మ ఒకటే మాట సెప్పిందిరా రాజులూ. ఆడిని తీసుకురాకండా నువ్వింటికి రావద్దంది. ఈ కొలువు సాలు. లెగిసినాక పోదాం పద."

ఎగరకుండా ఉండలేనని నాకు తెలుసు. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి కాదని చెప్పడం ఎలాగో తెలీదు. నాన్న వద్దంటే నేను మానేసేవాణ్ణి, అది కూడా నిజం. ఆయన మాట మా ఇంట్లో ఎవరూ దాటలేదు.

అప్పుడే కురియన్ సార్ వచ్చాడు. నాన్నది మా దీవుల హిందీ, ఆడామగా తేడా ఉండదు. సార్‌ది కేరళ హిందీ. ఇద్దరూ ఒకరి హిందీ ఒకరికి అర్థంకాక కాసేపు తంటాలు పడ్డారు. చివరికి సార్ అరచెయ్యి గింగిరాలు తిప్పుతూ కిందికి దించి చూపించాడు, పొద్దున్నే అడిగే ప్రశ్న చెప్పాడు, నా జవాబు చెప్పాడు. నాన్న ఆ చేతినే చూస్తూ విన్నాడు.

సార్ వెళ్ళాక నాన్న స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ నాలుగనీది ఎవలు సెప్పినార్రా?"

"నేనే నాన్నా. పొద్దున బయల్దేరేముందు."

"ఆగిపోతాదేమో అనిపించనేదా?"

"అనిపించింది."

"మరి?"

"లాగేశాను."

ఆయన కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"మీ సిన్నాన్న ఎలాగ పోనాడో నీకు సెప్పనేదు. తుపానుకి పోనాడని సెప్పినాం. అది కాదు. వల బండకి తగులుకుంది, కెరటం మీద కెరటం వస్తంది, పడవ ముక్కు ములిగిపోతంది. వల కోసీరా, కోసీరా అని నాను పక్క పడవలోంచి మొత్తుకున్నాను. కత్తి ఆడి సేతిలోనే ఉంది. ఒచ్చెస్తాది అన్నయ్యా, ఒక్క లాగుడు, ఒచ్చెస్తాది అన్నాడు."

నాన్న ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. కోటు చేత్తో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నా చెయ్యి తీసుకుని, హ్యాండిల్ లాగిన చెయ్యి ఏదో తెలిసినట్టు, దాన్నే నిమిరాడు.

"వల ఒగ్గీసినోడు మల్లీ ఏటకెల్లొచ్చురా. ఒగ్గనేనోడే ఎల్లకూడదు. నువ్వీ కొలువులోనే ఉండు."

కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, పక్కకు తిరగడానికి నడుము సహకరించదు. అలాగే అడిగాను.

"మరి అమ్మ నిన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

నాన్న లేచి కోటు సర్దుకున్నాడు.

"బెంగెట్టుకోకు. గుమ్మంలోనే కూకుని సెప్పుకుంతాను."